ఉత్త చేతులతో రాని పిల్ల

గ్రౌండ్‌లో నా గొంతు చంద్రగిరి కోట దాకా వినిపిస్తుందని మా స్కూలు పిల్లలు ఎగతాళి చేస్తుంటారు. నిజమే. డ్రిల్లు మాస్టారు అరవకపోతే జీతం దండగ. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ గొంతు ఎటు పోతుందో మా ఆవిడకు అంతుపట్టదు. ముఖ్యంగా కూతురి దగ్గర. ఆ పిల్లకు నేను ఒక్కనాడూ తప్పు చూపించలేదు. అదేదో గొప్ప సంగతిలా నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కూడా.

కబడ్డీ నేర్పింది నేనే. ఇంటి వెనక ముగ్గుపిండితో గీతలు గీసి, ఎదురుగా నేను నిలబడి కూత పెట్టించేవాణ్ణి. కుడికి ఊగి ఎడమకు జారిపోయే ఆ కాళ్లు ఎటు తిరుగుతాయో నాకే తెలిసేది కాదు. ఒకటి మాత్రం బాగా తెలుసు. చిన్నప్పుడు కరివేపాకు తెమ్మని అంగడికి పంపితే, అక్కడ లేదని తిరిగి రాలేదు. వీధులన్నీ తిరిగి, ఎవరి పెరట్లోనో అడిగి, చెమటలు కక్కుతూ గుప్పెడు ఆకుతో వచ్చింది. అప్పటికి సాంబారు దించేశారు. అయినా నేను మురిసిపోయి, “మా పాప ఉత్త చేతులతో రాదు” అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఆమె వింటుండగానే చెప్పాను.

చిత్తూరు జిల్లా ముక్కలయ్యాక మేం తిరుపతి జిల్లాలో పడ్డాం. మా పాప చిత్తూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది కాబట్టి ఆ జిల్లా జట్టులో ఆడుతుంది. పోయినేడాది తిరుపతిలో రెండు జట్లకూ పోటీ పడింది. మా జిల్లా అమ్మాయిలకు కోచ్‌ను నేను. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంచుకునేవాళ్లు ఆట ఆడే చాప పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ జట్టులో చోటు కోసం మా పాప ఎంత తపించిందో నాకు తెలుసు.

మొదటి సగంలో మావాళ్లను ఆటాడుకుంది. ఒకరు కాలికి దూకితే పైనుంచి ఎగిరిపోయింది, ఇంకొకరు నడుముకు పడితే గిర్రున తిరిగి గీత చేరింది. నాకు లోపల సంబరం, పైకి అరుపులు. విరామంలో మా ఎడమ మూల కాసే అమ్మాయి మోకాలికి గుడ్డ కట్టుకుంటూ అడిగింది.

“సార్, అక్కను ఎట్ల ఆపేది? మీకు తెలుసు కదా సార్?”

తెలియదని అనొచ్చు. కానీ ఆ పిల్లలు కూడా అదే చోటు కోసం పొద్దున్నే లేచి నా అరుపులు పడ్డవాళ్లే.

“పట్టుకోవద్దండి. మీరు దూకేకొద్దీ ఆమెకు పాయింట్లే. చేతులు వదలకుండా గొలుసుకట్టి వెనక్కి జరగండి. కాళ్లు సూడొద్దు, నడుము సూడండి. రెండు పక్కలా మూలలు మూసేయండి సాలు.”

“పట్టకుంటే ఎట్ల సార్?”

“ఉత్తగా తిరిగిపోవడం ఆ పిల్లకు సేతకాదు. ఏదో ఒకటి తెచ్చుకుందామని లోపలికి వస్తాది. అప్పుడు వెనకాల మూసేయండి.”

అచ్చం అలాగే జరిగింది. మావాళ్లు జరిగారు, జరిగారు. తాకడానికి ఎవరూ అందడం లేదు. లోపలి గీత ఒకసారి తొక్కితే కూత చెల్లినట్టే, హాయిగా వెనక్కి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆమె ఇంకో అడుగు వేసింది. గొలుసు చుట్టుకుంది, దొరికిపోయింది. మళ్లీ కూతకొచ్చింది, మళ్లీ అదే అడుగు. ఆ తర్వాతా అంతే. మేం గెలిచాం. పిల్లలు నన్ను ఎత్తుకుని గంతులేస్తుంటే కిందికి దించమని కసురుకున్నాను.

రాష్ట్ర జట్టు పేర్లు చదివారు. ఎడమ మూల అమ్మాయి పేరు ఉంది. మా పాప పేరు లేదు.

సాయంత్రం నా బండి మీదే ఇంటికి బయలుదేరింది. దారిలో టీ కొట్టు దగ్గర ఆపాను. గ్లాసు చేతిలో పట్టుకుని అడిగింది.

“నాయనా, ఆ ప్లాన్ నీదే కదా?”

“అవును పాపా. వాళ్లూ నా పిల్లోళ్లే కదమ్మా.”

“దానికి నాకేం కోపం లేదు.” కాసేపు టీ ఊదుకుంది. “వాళ్లకు విరామంలో సెప్పేసినావు. నాకు ఇన్నేళ్లలో ఎందుకు సెప్పలేదు?”

ఉన్న నిజమే చెప్పాను. “నువ్వు అట్లుంటేనే నాకు బాగుండె, పాపా.”

“నీకు బాగుండె,” అని గ్లాసు పెట్టేసి బండి దగ్గరికి నడిచింది. నా ముచ్చట కోసం కన్నకూతురి ఆటలో చిల్లు ఉంచి, దాన్ని పరాయి జట్టుకు చూపించాను. ఇలాంటి తండ్రిని ఏమనాలి?

మర్నాడు పొద్దున ఇంటి వెనక మళ్లీ ముగ్గుపిండి గీతలు గీశాను. ఎదురుగా నిలబడి, “ఈరోజు నన్ను తాకొద్దు. లోపలి గీత తొక్కి ఉత్తగా పో” అన్నాను. కూత పెట్టింది, వచ్చింది, గీత తొక్కింది, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఉత్త చేతులతోనే వెళ్లింది. బాగుంది అని నేను అరవాలి. అరవకుండా వంగి, చెరిగిన గీత మీద మళ్లీ ముగ్గుపిండి పోశాను.

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ తొంగిచూసింది. “ఏమే, ఒక్కసారన్నా నాయన్ను తాకలేదే?”

“తాకగూడదంటమ్మా,” అంది మా పాప రొప్పుతూ. “నాయన ఇప్పుడు సెప్పినాడు.”

ఆ ‘ఇప్పుడు’ నాకు ఈ రోజుకీ మింగుడుపడలేదు.