చింతపండు పెట్టని తాళం

మా పిల్లోడు పోయి రెండేండ్లయింది. వాడు పాత తాళాలు పోగుచేసేవాడు. ఈ రోజు వాడి ఇత్తడి తాళానికి పచ్చగా చిలుము పట్టి కనిపించింది. బిందెలు తోమినట్టే తోముదామని చింతపండు నానబెట్టాను. మా వీధికి వచ్చిన కళాయి పూసే మస్తాను చూసి అడ్డం పడ్డాడు.

"దాన్నెందుకు తోముతాండావక్కా? పచ్చగుండేది చిలుము, తుడిచెయ్యి. నల్లగుండేది చేతులు పట్టీ పట్టీ వచ్చిన వన్నె. అది పోతే మళ్ళా రాదు."

"ఎవురి చేతులప్పా?"

"మీవోడివీ ఉంటాయి కదక్కా."

టెంకాయ నూనెలో గుడ్డ ముంచి పచ్చదాన్ని మాత్రం మెల్లగా తుడిచాను. నల్లది అట్లే ఉంది. నానిన చింతపండుతో చారు పెట్టుకుని, చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

మీ ఇండ్లల్లో తోమకుండా దాచుకున్నవి ఏమున్నాయో చెప్పండి.