సాంచాల గోడ మీద సారు రాసిన మాట

సారు సొంతూరు కోరుట్ల నుంచి ఫోను వచ్చింది. ఎడమ చెవికి మాట అందక కుడి చెవికి మార్చుకుని విన్నాను. మా సారు పోయారట.

సారు సిరిసిల్లలో సైన్సు టీచరు. మా పక్కింట్లో కిరాయికి ఉండేవారు. నేను సాంచాలు నడిపేవాణ్ణి. పన్నెండు గంటలు ఆ మరమగ్గాల చప్పుడులో నిలబడితే, ఇంటికొచ్చినా చెవిలో గుయ్యిమనేది. ఆ సంగతి చెబితే, ఒక ఆదివారం భోజనాల వేళ సాంచాలు ఆపినప్పుడు సారు మా కార్ఖానాకే వచ్చారు. గోడ మీద సుద్దముక్కతో నత్తగుల్లలాంటి లోపలి చెవి బొమ్మ గీశారు.

"చప్పుడు ఎక్కువైతే గీడ ఫ్రీ రాడికల్స్ అని పుడతయి. నిలకడ లేని అణువులు. అవి సన్న రక్తనాళాలను బిగిస్తయి. నెత్తురందక వినే కణాలు చస్తయి. చచ్చినయి మళ్ల మొలవయి. చెవులు కాపాడుమని కార్ఖానా ఆసామిని అడుగుండ్రి. బతిమాలుడు కాదు, అడుగుండ్రి."

బొమ్మ కింద ఇంగ్లిషులో 'ఫ్రీ రాడికల్స్' అని పెద్దక్షరాలతో రాశారు.

అవి నక్సలైట్ల రోజులు. నలుగురు కూడితే ఠాణాకు కబురు పోయేది. రాడికల్స్ అంటే మా ఊళ్ళో నక్సలైట్ అన్నలే. మూడోనాడు పోలీసులు సారునూ, పక్కింటివాణ్ణని నన్నూ జీపెక్కించారు.

"రాడికల్సును విడిచిపెట్టాల్నని గోడ మీద రాస్తవా? నెత్తురు ముచ్చట గూడ చెప్పినవంట" అన్నాడు ఎస్సై.

"చెవిలకు పోయే నెత్తురు సార్. అది సైన్సు" అన్నారు సారు.

"పోయి తుడిచెయ్."

తుడుస్తామని నేనే అనబోయాను. సారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"తప్పు రాస్తే తుడుస్త. తప్పేందో చూపెట్టుండ్రి."

సారు చెంప మీద దెబ్బ పడింది. కిందపడిన కళ్ళద్దాలు వంగి తీసుకుని, సారు మళ్ళీ అదే మాట అన్నారు. పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి పంపారు.

మర్నాడు ఆసామి గోడకు సున్నం వేయించాడు. ఆదివారం సారు వచ్చి ఆ సున్నం మీదే మళ్ళీ రాశారు. ఆ మొండితనం చూశాకే మాకూ ధైర్యం వచ్చింది. తర్వాత ఆసామిని నిలదీసి, చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు, పూటకు రెండుసార్లు విరామం సాధించుకున్నాం. నాకు ఒక చెవైనా మిగిలిందంటే ఆయన వల్లే.

సారు మళ్ళీ రాసిన ఆ రెండో ఆదివారం నిఘాకని ఒక కానిస్టేబుల్‌ను గుమ్మంలో నిలబెట్టారు. సారు చెప్పడం అయిపోయాక అతను మెల్లగా అన్నాడు.

"సార్, ఫైరింగ్ అయినంక మాకు గూడ గిట్లనే గుయ్యిమంటది."

"ముంగటికి రా. మళ్ల మొదటికెళ్లి చెప్త" అన్నారు సారు.

అతను తుపాకీ గోడకు ఆనించి, ఆగిన సాంచాల నడుమ మాతోపాటు నేల మీద కూర్చున్నాడు.