పట్టుచీర కట్టుకొచ్చిన ఫిర్యాది

మొన్న ఏదో పనిమీద పెనుకొండ పోతే, బస్సు దిగీ దిగకముందే ఒక ఫ్లెక్సీ నా నెత్తిన పడబోయింది. పెద్దలను గౌరవిద్దాం అని రాసివుంది. కొండమీది కోటగోడ కంటే ఓ మూర ఎత్తు ఎక్కువే ఉంటుంది. అందులో నాయకుల ముఖాలు గుమ్మడికాయలంత, అనుచరుల ముఖాలు సొరకాయలంత, ఆ అనుచరుల బిడ్డల ముఖాలు వంకాయలంత ఉన్నాయి. గౌరవించవలసిన ముసలమ్మ మాత్రం కింద మూలన ఆవగింజంత ఉంది. ఆ ఆవగింజ ముఖం చూద్దామని వంగి కళ్లజోడు సవరించుకుంటుంటే మా చిన్నవ్వ జ్ఞాపకం వచ్చింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ముసలివాళ్లను కాపాడే చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. నేను హిందూపురంలో మా మేనమామ దగ్గర జూనియర్ వకీలుగా ఉండేవాణ్ణి. నా నల్లకోటు ఎంత వదులంటే అందులో ఇంకో జూనియర్ సంసారంతో సహా కాపురం ఉండవచ్చు. ఇక మామ గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆయన కోర్టులో నోరు తెరిస్తే లేపాక్షిలో రాతినంది ఉలిక్కిపడి లేవబోయేదని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే అనుకోండి.

చిన్నవ్వ అంటే మా నాయనను కన్న అవ్వకు చెల్లెలు. ధర్మవరంలో మగ్గం ఇల్లు. చిన్నతాత పట్టుచీరలు నేస్తే ఆమె పక్కన కూర్చుని పట్టుపోగు కండెలకు చుట్టేది. తాత పోయినాక, ఎట్లా అయినా వాడిదే కదా అని ఇల్లు ఒక్కగానొక్క కొడుకు పేర రాసిచ్చింది. రాసిచ్చినాక ఆమె పడక నడింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోని కట్టెల కొట్టంలోకి తనంతట తానే కాళ్లొచ్చినట్టు నడిచిపోయింది. అన్నం అడిగితే తిట్లు, మళ్లీ అడిగితే దెబ్బలు. ఒకరోజు చంకలో చిన్న మూటతో హిందూపురం బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మ స్నానానికి నీళ్లు పోస్తూ చూస్తే, మోచేతి నుంచి భుజందాకా కమిలిపోయి ఉంది. మామ వచ్చి కూర్చుని గుచ్చిగుచ్చి అడిగితేగాని నోరు విప్పలేదు. విప్పినా, కొడుకును జైలుకు పంపమనలేదు. తన ఇంట్లో, మగ్గం పక్కన, దెబ్బల్లేకుండా పండుకునే చోటు తనకు మళ్లీ కావాలంది, అంతే.

ఆమె ఉంటున్న మా హిందూపురం పెనుకొండ ఆఫీసు కిందికి వస్తుంది కాబట్టి మామ అక్కడి అధికారి ముందు అర్జీ వేశాడు. చిక్కెక్కడంటే, ఆ విచారణలో వకీళ్లు మాట్లాడకూడదన్నారు. రాతినందిని లేపగల గొంతు కిటికీ బయట నిలబడాలన్నమాట. అందుకని మామ వారం ముందునుంచే చిన్నవ్వకు పాఠం మొదలుపెట్టాడు. సారు అడుగుతూనే, ఇంకా మచ్చలు పోని ఆ చెయ్యి చూపించమంటే, “చూపిస్తాలేప్పా, నాకేమన్నా చెయ్యి లేదా?” అని ఆమె విసుక్కునేది.

విచారణ నాటి పొద్దున మా అమ్మ వెలిసిన నూలుచీర ఒకటి తీసిపెట్టింది. చిన్నవ్వ గదిలోంచి మిరపపండు రంగు పట్టుచీరలో బయటికొచ్చింది. ఆ జరీ మెరుపుకు మా వీధి కోళ్లు మళ్లీ తెల్లారిందనుకుని ఇంకో విడత కూశాయి.

“ఏమత్తా ఇది? పెండ్లికి పోతాండామా?” అన్నాడు మామ.

“దొర ముందర నిలబడల్లంటివే. మగ్గం ఇంటిది నూలుగుడ్డతో పోతే చీర నేసిన ఆయప్పకు చెడ్డపేరు గదప్పా.”

“ఆయప్ప యాడుండాడు, చూసేదానికి?”

“నువ్వు నల్లకోటు లేకుండా కోర్టుకు పోతావా?”

జడ్జీలకే జవాబులు చెప్పే మామ తన నల్లకోటు తీసి తొడుక్కున్నాడు. పట్టు నేసే ఇళ్లలో అందరూ పట్టు కట్టుకోగలరనుకునేరు, అదేం లేదు. మిగిలిన పోగులు ఏళ్లతరబడి దాచి తాత ఆమెకోసం నేసిన ఒకే ఒక్క చీర అది. తిండి లేకపోయినా పెద్దమనుషుల ముందు ఒంటిమీద తమ నేత కనబడాలన్నది ఆ ఇంటి పట్టింపు.

పెనుకొండ ఆఫీసులో బంధువు హోదాలో నేను లోపలికి పోయాను. కొడుకు, అంటే నాకు చిన్నాయన, చిరిగిన చొక్కాతో, మాసిన గడ్డంతో, చూస్తేనే బిచ్చం దుడ్లు వేయాలనిపించేట్టు నిలబడ్డాడు. అధికారి మంచివాడే. కానీ ఆయన కళ్లు అర్జీ మీద నిలవలేదు, అంచు మీద నిలిచాయి. చీర ఎవరు నేశారని అడిగాడు. అంతే, చిన్నవ్వ ముఖం దీపమైంది. పోగులు దాచిన కథ, రంగు కుదరక తాత అలిగిన కథ అన్నీ చెప్పింది. ఆఫీసంతా చుట్టూ మూగింది.

“ఇంత కళకళలాడతాండావు గదమ్మా, నిన్ను కొట్టేదెవురు?” అన్నాడాయన నవ్వుతూ.

కిటికీ బయట మామ తన కోటు చెయ్యి మోచేతిదాకా లాగి, భుజందాకా లాగి, చూపించు చూపించు అని సైగలు. గజ్జి అనుకుని పక్కనున్న అటెండరు దూరం జరిగాడు. చిన్నవ్వ మామను చూసింది, కొడుకును చూసింది, చుట్టూ ఉన్న మగవాళ్లను చూసింది. కొంగు ఆ చేతిమీదికి ఇంకాస్త లాగి కప్పుకుంది.

“ఏదో, ఇంట్లో అనుకునే మాటలే సార్.”

“అది కాద్సార్, ఆ చెయ్యి...” అని నేను లేవబోతే, మధ్యలో మాట్లాడవద్దని కూర్చోబెట్టారు. చిన్నాయన ఆమె కాళ్లమీద పడ్డాడు. రాజీ అని రాసి వేలిముద్ర వేయించారు. ఆ సాయంత్రమే ధర్మవరం బస్సెక్కించారు.

తరువాత మామ ధర్మవరం ఎన్నిసార్లు పోయాడో. పోయినప్పుడల్లా “నిద్రపోతాండాదప్పా” అని చిన్నాయన గడపలోనే మాట ముగించేవాడు. చివరిసారి పెరటివైపు నుంచి, కట్టెల కొట్టంలోంచి, దగ్గు వినబడిందట. మామ వచ్చీరాగానే కొత్త అర్జీ రాయించాడు. దానిమీద ఆమె వేలిముద్ర పడకముందే పోయిందని కబురొచ్చింది. ఆ ఏడాదంతా మామ కోర్టులో ఎట్లా మాట్లాడాడంటే, జడ్జీలు ముందుకు వంగి వినవలసి వచ్చేది. ఇందులో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు.

ఇప్పుడా కేసులు నేనే చూస్తున్నాను. ముసలివాళ్లు సాయం అడగడానికి ఫోన్ నంబరుంది, అధికారులు ఓపిగ్గా వింటున్నారు, గోడల మీద బోర్డులున్నాయి. అయినా వాళ్లకు విన్నదానికంటే చూసినదాని మీదే నమ్మకం ఎక్కువ. అందుకే రొద్దం నుంచో నల్లమాడ నుంచో ఏ అవ్వ వచ్చినా, చట్టం సంగతి తరువాత, ముందు చెప్పేది ఇదే: విచారణ నాడు మంచి చీర కట్టుకోవద్దు, తల దువ్వుకోవద్దు, చేతులు కప్పుకోవద్దు. చాలావరకు గెలుస్తున్నాం కూడా. జీవితమంతా ఒంటిని, ఇంటిని కప్పుకుంటూ వచ్చిన ఆ ఆడవాళ్లు కొంగు చేతిమీదికి లాక్కుంటూ, అట్లేలేప్పా అంటారు. ఆ కాసేపు నేను కాగితాలు సర్దుకుంటూ ఉంటాను, తలెత్తను.