నిశ్శబ్దానికి కొలత పెట్టిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ అసలు పేరు ఆమె దగ్గరికొచ్చే వాళ్లలో సగం మందికి తెలియదు. "అంటేమ్మ ఉందా?" అని అడుగుతూ మెట్లెక్కి వస్తారు. ఒప్పందపు కాగితాలు రాయడం ఆమె పని. ఎవరు ఏ మాట చెప్పినా "అంటే?" అని అడుగుతుంది. బస్సు నడిపే మా పెదనాన్న పెళ్లైన కొత్తలో "ఇప్పుడే వస్తా" అని బయల్దేరితే, "ఇప్పుడే అంటే?" అని గుమ్మంలోనే పట్టుకునేదట. ఇప్పుడాయన చెప్పులు వేసుకోకముందే "ఏడుంబావుకి, పాల ప్యాకెట్‌తో సహా" అని లొంగిపోతాడు.

ఆమె లా చదవలేదు. ఒక ప్లీడరు దగ్గర పద్దెనిమిదేళ్లు టైపు కొట్టింది. కొట్టిన కాగితాల్లో ఏవి గొడవలై తిరిగొస్తున్నాయో గమనించింది. 'తగిన సమయంలో', 'మంచి స్థితిలో', 'అవసరమైతే' అని రాసిన చోటే కొంప మునుగుతోందని తనంతట తానే కనిపెట్టింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆమె ప్రింటరు మీద చెయ్యి వెయ్యనని నాతో కాగితం రాయించుకుంది. సంతకం పెట్టాను. మర్నాడు గరిటెతో నొక్కాను. కాగితంలో 'గరిటె' చేరింది. పిల్లిని ఎక్కించాను. ఇక వీపు చిట్లుతుందనుకుంటే, ఆమె ఎదురుగా కూర్చుని కలం తీసింది. "ఇంకా ఎన్ని రకాలుగా ఎగ్గొట్టగలవురా? అన్నీ చెప్పు" అంది. అంత మర్యాద ఆ ఇంట్లో నాకు ఎవరూ ఇవ్వలేదు. అప్పట్నుంచి అదే ఆమె పద్ధతి. షరతు రాశాక ఎదుటివాణ్ణి కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరే దొంగ. దీన్నుంచి ఎలా తప్పించుకుంటారో చెప్పండి" అంటుంది.

మొన్న ఒకావిడ వచ్చింది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. కిందటిసారి ఆవిడ తీసుకున్న గది కాగితంలో 'ప్రశాంతమైన గది' అని ఉంది. పక్కన వెల్డింగు షాపు పెట్టారు. అడిగితే ఓనరు "నాకు ప్రశాంతంగానే ఉందే" అన్నాడట. వెనక చప్పుడు పడిందని రెండు పుస్తకాల రికార్డింగులు తిరిగొచ్చాయి. మూడోది కూడా తిరిగొస్తే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇప్పుడు ఇంకో మేడ మీది గది మూడేళ్లకి తీసుకోబోతోంది.

చూడకుండా పెద్దమ్మ ఏదీ రాయదు. అందరం ఆ గదికే వెళ్లాం. నేను వినోదం చూద్దామని వెళ్లాను.

"నిశ్శబ్దమైన గది అని రాసెయ్యమ్మా, అయిపోతుంది" అన్నాడు కొత్త ఓనరు. మంచి మాటకారి.

"నిశ్శబ్దం అంటే?"

"అంటే... చప్పుడు లేకపోవడం."

"ఏ చప్పుడు? ఎక్కడ కూర్చుంటే? ఎవరు వినాలి?"

"అబ్బా, పదో తరగతి పరీక్షలో కూడా నాకింత చెమట పట్టలేదమ్మా!"

పెద్దమ్మ తలుపూ కిటికీ మూసింది. పుస్తకాలు చదివే ఆవిడ చేత సంచిలోని అలారం గడియారం తీయించి బల్ల మీద పెట్టించింది. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ చెవి ఒగ్గి వింది. నాలుగో అడుగు దగ్గర ఆగి, అక్కడే నేల మీద కూర్చుని రాసింది: 'తలుపూ కిటికీ మూసి, ఈ గడియారానికి నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషి రెండు నిమిషాల పాటు దాని టిక్కుల్ని తప్పు పోకుండా లెక్కపెట్టగలిగితే, అది నిశ్శబ్దం. ఓనరు స్థలంలో పుట్టిన చప్పుడు వల్ల లెక్క తప్పితే, కాదు. అప్పుడు ఆ చప్పుణ్ణి ఓనరు మూడు రోజుల్లో ఆపాలి.'

కంటికి కనపడని దాన్ని, చేతికి దొరకని దాన్ని, మంచం పక్కన పెట్టుకునే గడియారంతో ఎవరైనా కొలిచేలా చేసేసింది. నేనైతే దేన్నైనా చెడగొట్టడానికి పది దార్లు చెప్తాను గానీ, ఇలా నిలబెట్టడం నా వల్ల కాదు.

"అన్నయ్యగారూ, ఇప్పుడు మీరే దొంగ" అంది పెద్దమ్మ.

ఓనరు కళ్లు మెరిశాయి. "లెక్కపెట్టడానికి మా బావమరిదిని కూర్చోబెడతా. వాడు నిద్రపోయి లేచి కూడా నూట ఇరవై అంటాడు."

'ఇద్దరికీ చుట్టం కాని మనిషి' అని చేర్చింది.

"ఆదివారం పొద్దున్నే పెడతా పరీక్ష."

'ఏ రోజు, ఏ వేళ అన్నది అద్దెకుండే ఆవిడ ఇష్టం. ముందుగా చెప్పక్కర్లేదు.'

"చెప్పకపోతేనేం? ఎవరినో వెంటేసుకుని మెట్లెక్కుతుంటే నాకు కనపడరా?" ఆయనకి హుషారెక్కింది. "కింద నుంచి ఒక్క దగ్గు దగ్గుతా. పెరట్లో రేకుల మేస్త్రీ టక్కున సుత్తి కింద పెట్టేస్తాడు. ఒకటో తారీఖునుంచి షెడ్డు వాడికే ఇస్తున్నాగా, నా మాట కాదంటాడా..."

అప్పటికి గానీ ఆయనకి తన మాట తన చెవిన పడలేదు.

"పెరట్లో రేకుల మేస్త్రీనా?" అంటూ ఆవిడ గడియారాన్ని సంచిలో పెట్టుకోబోయింది. "నా పనే పోతుందండీ."

"చిన్న సుత్తేనమ్మా" అని గొణిగాడు ఓనరు. నేను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను.

పెద్దమ్మ మాత్రం కోప్పడలేదు. కిటికీ తీసి చూసింది. షెడ్డు కొలుచుకుంటూ మేస్త్రీ అక్కడే ఉన్నాడు. "బాబూ, రోజూ కొట్టినట్టే కాసేపు రేకు కొట్టు" అని చెప్పి కిటికీ మూసింది. గడియారాన్ని మళ్లీ బల్ల మీద పెట్టించి, "అన్నయ్యగారూ, మీరే లెక్కపెట్టండి" అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పదకొండు దగ్గర ఆగిపోయాడు. "ఉండండి, మళ్లీ." ఈసారి తొమ్మిది. మూడోసారి చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు.

"అలా అయితే గడియారం కూడా వినపడదు బాబాయ్" అన్నాను.

ఇక జగడమే అనుకున్నాను. కానీ ఎవరితో పెట్టుకుంటాడు? లెక్క తప్పింది ఆయనకే. గడియారాన్ని ఒకసారి చూసి, లేచి కిటికీ తీశాడు.

"ఒరేయ్ మేస్త్రీ! ఇక్కడొద్దులే. సందు చివర నా రెండో షెడ్డు తీసుకో, అదే పెద్దది." ఇటు తిరిగి, "పెరట్లో సుత్తి, రంపం, మోటారు ఏదీ ఉండదని రాయమ్మా. ఇంకేం దార్లున్నాయో ఆలోచించి సాయంత్రం చెప్తా" అన్నాడు.

ఆవిడ వెంటనే సంతకం పెట్టలేదు. కిటికీ మూసి, తన రికార్డరు తీసి, పెద్దమ్మ రాసిన కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా పాఠం చదివినట్టు చదివింది. తర్వాత ఆ రికార్డింగుని మొదటికి తిప్పి వినిపించింది. మేం నలుగురం ఊపిరి బిగబట్టి విన్నాం. అందులో ఆవిడ గొంతు ఒక్కటే ఉంది.

అప్పుడు కలం అడిగింది.