పొట్టి గుర్రాల తరఫున మాట్లాడినవాణ్ణి

మా ముత్తాత దేశ్‌ముఖ్. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనను గుర్రాల దొర అనేవారు. ఊళ్ల తగవులు ఆయన జీను మీద కూర్చునే తీర్చేవాడని, గుర్రం దిగితే తీర్పు మెత్తబడుతుందేమోనని ఆయన భయమని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత నాటికి దేశ్‌ముఖీ పోయి మర్యాద మిగిలింది. మా నాన్న నాటికి మర్యాద పోయి మీసం మిగిలింది. నా వాటాకు వచ్చింది నిటారైన వెన్నెముక ఒక్కటే. ఆ రోజుల్లో, అంటే ఏడెనిమిదేళ్ల కిందట, ఆ వెన్నెముకను వెంటబెట్టుకునే ఆర్మూరులో కొలువు వెతుక్కున్నాను. విధి విచిత్రం, కొలువు గుర్రాల దగ్గరే దొరికింది. కాకపోతే వాటిలో ఒక్కటీ నా నడుము దాటి ఎదిగింది కాదు.

యజమానిని ఊరంతా పసుపు సేటు అనేది. మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు పసుపు కమీషన్ వ్యాపారం చేసి, దాన్ని కొడుకులకు అప్పగించి, జక్రాన్‌పల్లి వైపు హైవే పక్కన ఎనిమిది పొట్టి గుర్రాలతో ఫారం పెట్టాడు. జనం టికెట్టు కొని చూసి, ఫొటోలు దిగి వెళ్లేవారు. టీవీ వాళ్లు, యూట్యూబ్ వాళ్లు ఇంటర్వ్యూల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. సేటుకు మాట్లాడటం ఇష్టం, ఆపడం చేతకాదు. ఈ గుర్రాలు పసుపు పాలు తాగుతాయని, అందుకే వీటికి జలుబు రాదని ఒక చానల్‌కు చెప్పాడు. మరునాడే మెండోర నుంచి ఒక కుటుంబం పెద్ద క్యానుతో పాలు తెచ్చి, తమ చేత్తో తాగిస్తామని గేటు దగ్గర కూర్చుంది. (గుర్రాలు మూతి తిప్పుకున్నాయి. పాలు సేటే తాగాడు.) ఆ వారమే నన్ను పనిలోకి తీసుకున్నాడు.

"నువ్వు నవ్వవు గద చిన్న దొరా, నీ మాట నమ్ముతరు. చానలోళ్లతోని ఇగ నువ్వే మాట్లాడు" అన్నాడు.

నేనొక షరతు పెట్టాను. జీతానికి పనిచేసేది నేను, మా వంశం కాదు. మా ఇంటి పేరు, మా తాతల ఊసు ఏ చానల్లోనూ వినపడకూడదు. వినపడిన రోజు కొలువు మానేస్తాను. తన నోట రాదని సేటు దేవుడి పటం ముందు ఒప్పుకున్నాడు. (కెమెరా లేనప్పుడు 'చిన్న దొరా' అని పిలవడానికి మాత్రం నేనేమీ అడ్డు చెప్పలేదు.)

ఇక నా పాలన మొదలైంది. ఇంటర్వ్యూ కావలసినవారు కాగితం మీద రాసి ఇవ్వాలి. ప్రశ్నలు ముందే పంపాలి. వాట్సప్‌లో వచ్చిన విన్నపాలు విన్నపాలే కావు. గుర్రాల పక్కన పాటలు పెట్టుకుని గంతులు వేయకూడదు. వాటి మీద పెద్దవాళ్లు ఎక్కకూడదు. మొదటి నెలలో నాకు వచ్చిన కాగితం ఒక్కటే, అదీ కరెంటు ఆఫీసు నుంచి. ఒకరోజు పసుపు బస్తాలాంటి యాంకరు ఒకాయన కాగితం లేకుండానే వచ్చి, నేను ఫోనులో ఉండగా, అన్నిటికంటే చిన్న గుర్రం మీద ఒక కాలు వేశాడు. దించాను. "వీళ్ల పొగరు చూడుండ్రి అని టైటిల్ పెడత" అన్నాడు. పెట్టుకోండి, గేటు బయట నిలబడి పెట్టుకోండి అన్నాను. అన్నమాట ప్రకారం పెట్టాడు కూడా.

రాను రాను ఫోన్లు తగ్గాయి. ఆదివారాలు కూడా ఫారం బోసిపోయింది. సేటు నన్నేమీ అనలేదు, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని రోడ్డుమీది బస్సులను చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు మాత్రం, "పసుపు కుప్ప మీద పట్టా కప్పి కూసుంటే, లోపల ఏమున్నదో ఎవలకెరుక?" అన్నాడు. అది గుర్రాల గురించే అనుకున్నాను.

ఆ తర్వాత కమ్మర్‌పల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సొంతంగా చానల్ నడుపుతుంది. టైపు చేసిన కాగితం తెచ్చింది, పైన 'గౌరవనీయులైన' అని ఉంది. నేను కరిగిపోయాను. రెండు గంటలు గుర్రాల గురించి తప్ప ఒక్క ప్రశ్న వేయలేదు. దాణా ఏమిటి, గిట్టలు ఎవరు కోస్తారు, ఎండాకాలం ఎట్లా అని అడిగింది. ఇట్లాంటి విలేకరి ఉంటే దేశం బాగుపడుతుందని మనసులో అనుకుంటుండగా, ఆఖరున కెమెరా వైపు తిరిగి తీరిగ్గా అంది: "ఈ సార్‌కు గుర్రాల పని కొత్త కాదు. వీళ్ల తాత ఒకప్పుడు దొరల ఇంట్ల గుర్రాలకు దాణా పెట్టేటోడంట."

నిజానికి అందులో తప్పేముంది? ఆ క్షణాన నా చేతిలో ఉన్నది కూడా దాణా బకెట్టే. కానీ బకెట్టు కింద పెట్టాను, గుండీలు సర్దుకున్నాను. "ఆపండి, అది తప్పు" అన్నాను. ఆమె కెమెరా ఆపలేదు, నేనూ ఆగలేదు. గుర్రాల దొర ఎవరు, ఆయన ఏలుబడి ఎంత, గుర్రాలెన్ని, వాటి రంగులేమిటి, ఏ పండుగకు ఏ గుర్రానికి ఏ పట్టుబట్ట కప్పేవారు, అన్నీ చెప్పాను. తీర్పులు చెప్పే తీరు చూపించడానికి సిమెంటు తొట్టి గట్టు మీద కూర్చుని వీపు నిలబెట్టాను. పక్కనున్న పొట్టి గుర్రం ఆవులించిందట. అది నేను చూడలేదు, తర్వాత లోకమంతా చూసింది.

వీడియో మూడు రోజుల్లో ఊరూరా తిరిగింది. ఆదివారం హైవే మీద బండ్లు బారులు తీరాయి. నేను రాజీనామా రాసుకుని (కాగితం మీదే) సేటు ముందు పెట్టి, షరతు ఏమైందని నిలదీశాను.

"నా నోటి నుంచి అచ్చిందా?" అన్నాడు సేటు నెమ్మదిగా. "మీ ఇంటి పేరు నువ్వే చెప్పినవ్, అదిగూడ రెండుసార్లు. గా పిల్లకు నేన్ ఒక్కటే చెప్పిన. మీ తాత గురించి ఒక తప్పు మాట అను, సాలు అన్న. పసుపు కొమ్ము పైకెల్లి చూస్తె ఏం తెలుస్తది, చిన్న దొరా? ఇరిస్తెనే రంగు కనవడతది. ముప్పై ఏండ్లు యార్డుల గదే పని జేసిన."

రాజీనామా జేబులో పెట్టుకుని గేటు దగ్గర జనాన్ని వరుసలో నిలబెట్టడానికి వెళ్లాను. ఇంకో మూడేళ్లు అక్కడే పనిచేశాను. ఓడిపోయానని ఆనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. రేపు ఎవరైనా కెమెరా ముందు మా తాతల గురించి తప్పు చెబితే మళ్లీ అడ్డం పడతాను, ఈసారి ఇంకాస్త నిటారుగా కూర్చుంటాను.

ఆ వీడియో ఇంకా ఉంది. అప్పుడప్పుడు చూస్తాను. తొట్టి గట్టు మీద ఆ కుర్రవాడు గడ్డం పైకెత్తి మాట్లాడుతుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. కింద ఎవరో పెద్దాయన ఒక ప్రశ్న రాశాడు: "అన్ని గుర్రాల ముచ్చట చెప్పినవ్ దొరా, ఆఖరు గుర్రం ఏమైంది?" ఆనాడు జవాబు టైపు చేసి, చెరిపేశాను.

ఆఖరు గుర్రాన్ని మా నాన్న నిజామాబాద్‌లో పెళ్లి బరాతులు నడిపేవాళ్లకు అమ్మాడు. జీనుతో సహా.