అమ్మ ఆపేసిన సినిమా

నా చిన్నతనంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, కువైట్‌లో ఫహాహీల్‌లోని మా ఇంట్లో అందరూ కదలకుండా చూస్తున్న సినిమాను మా అమ్మ ఉన్నట్టుండి ఆపేసింది. తెరమీద ఒక ఇల్లాలు గడప లోపల నిలబడి ఉంది. బయట ఆమె భర్త చేతులు జోడించి ఉన్నాడు. అమ్మ లేచి మీట నొక్కి, "అంతే, అయిపోయింది" అంది. వీసీఆర్ పక్కనే కూర్చున్న నాకు క్యాసెట్‌లో ఇంకా మిగిలిన టేపు కనిపిస్తోంది. చెప్పబోయాను. అమ్మ చెయ్యి నా భుజం మీద గట్టిగా పడింది.

ఆ సినిమా విడుదలైన కొన్నాళ్లకే దాని దర్శకుడు పోయాడు. ఎప్పటినుంచో అనుకుంటున్న ఒక పాత కావ్యాన్ని తీశాడని, అదే ఆయన ఆఖరి చిత్రమైందని ఊరినుంచి వచ్చినవాళ్లు చెబుతుంటే, మేమంతా క్యాసెట్ కోసం ఎదురుచూశాం. చివరికి పక్కింటి చాచా వీడియో దుకాణంలో అద్దెకు సంపాదించాడు. ఆయనది రాయచోటి, బస్సు నడిపేవాడు, సినిమాలంటే ప్రాణం. కథ అందరూ విన్నదే. మరో ఆడదాని కోసం భార్యను వదిలేసిన వ్యాపారి, అన్నీ పోగొట్టుకున్నాక, మగ్గం నేసుకుని బతుకుతున్న ఆమె గుమ్మంలోకి తిరిగి వస్తాడు. కావ్యంలో ఆమె మారుమాట లేకుండా అతని వెంట వెళ్లిపోతుంది.

ఆ రోజు మా ఇంటికి నేను అక్కా అని పిలిచే ఒకామె కూడా వచ్చింది. మా కడప వైపు మనిషే, రుమైథియాలో ఒక ఇంట్లో పని చేసేది. ఆమెనూ భర్త అలాగే వదిలేశాడు. ఇప్పుడు ఊరికి వచ్చెయ్యమని కబురు పెట్టాడు. ఆ కబురు తెచ్చినవాడు అతని అన్న, షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. అక్క ఆయన్ని బావా అనేది. ఆ రోజు ఆయనా మాతోపాటు కూర్చుని సినిమా చూస్తున్నాడు. మర్నాడే ఆమె కఫీల్‌ను, అంటే ఆమెకు వీసా ఇచ్చిన యజమానిని కలిసి, ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా రద్దు చేయించడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఒకసారి రద్దయితే మళ్లీ కువైట్ రావడం ఆమె చేతిలో ఉండదు. చీకటి పడేలోగా అక్క పని ఇంటికి చేరుకోవాలి. ఆలోపే ఆయనకు సరేనని చెప్పాలి.

సినిమా నడుస్తున్నంతసేపూ ఆయన మాటిమాటికీ అక్కవైపే చూస్తున్నాడు. తెరమీద భర్త గుమ్మం దగ్గరికి రాగానే, "ఇప్పుడు సూడమ్మా, ఆయమ్మ మొగుని ఎంట ఎట్ల పోతాదో. ఆడదంటే అట్లుండల్ల" అన్నాడు. అక్క తల దించుకుని పైట చెంగు వేలికి చుట్టుకోసాగింది. అమ్మ లేచింది అప్పుడే.

ఎవరికీ అనుమానం రాలేదు. అప్పట్లో దుకాణాలవాళ్లు పెద్ద సినిమాను చిన్న టేపులో పట్టించడానికి చివర్లో వచ్చే పేర్లు కోసేసేవారు. మేము చూసిన సినిమాలన్నీ అలా టక్కున ఆగిపోయేవే.

"ఇదేం ఆపడమబ్బా!" అన్నాడు అక్కవాళ్ల బావ. "బంగారమట్ల కతను సంపి పెట్టినాడు. ముసిలాయనకు ఓపిక సాలినట్టు లేదు."

"నోరు కడుక్కో భాయ్" అన్నాడు చాచా. "పొయ్యేముందర తీసిన సినిమా. ఊరికే ఆపుతాడా? ఆయమ్మ ఏం సేస్తాదో మనల్నే అనుకోమన్యాడు."

"అనుకునేదేముంది? పోతాది."

"కత నువ్వేమన్నా రాసినావా?"

"మా ఊర్లో హరికత సెప్పించినాం. నువ్వు యాడ ఇన్యావ్?"

నవ్వులతో మొదలైన వాదన గొంతులు పెరిగేదాకా వచ్చింది. చివరికి ఆయన అక్కవైపు తిరిగి, "నువ్వే సెప్పమ్మా. పోతాదా, పోదా?" అన్నాడు. ఆయన దేని గురించి అడుగుతున్నాడో నాకు కూడా అర్థమైంది.

అక్క పైట చెంగు వదిలేసి ఖాళీ తెరవైపు చూసింది. "వచ్చినాడు, ఏడ్సినాడు. ఇన్నేండ్లు ఎట్ల బతికినావని మాత్రం అడగల్యా" అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "నేనైతే పోను బావా. రేపు కఫీల్ కాడికి పోవద్దు."

"సినిమా సూసి సంసారం సేస్తావా?" అంటూ ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అక్కను చాచా బస్సెక్కించి వచ్చాడు.

అందరూ వెళ్లాక నేను అమ్మను నిలదీశాను. గిన్నెలు కడుగుతూ, "ఆయమ్మ పొయ్యేది అందరూ కండ్లారా సూసినాక, ఈ పిల్ల పోనని నోరెత్తగలదా?" అంది. సినిమా చివర్లో ఏముందో నీకు ముందే తెలుసా అని అడిగాను. "నాకెట్ల తెలుస్తాది? నేనూ మీతోనే గదా సూసింది" అంది. ఆ సాయంత్రమే క్యాసెట్ తీసుకెళ్లి దుకాణంలో ఇచ్చేసింది.

ఆ సినిమా గురించి జనం ఇప్పటికీ ఫోన్లలో రాసుకుంటున్నారు. పెద్దాయన కావ్యాన్ని పాడుచేశాడని కొందరు, దానికి ప్రాణం పోశాడని కొందరు. ముగింపు గురించి మాట రాగానే నేను చదవడం ఆపేస్తాను. ఎవరైనా పెద్ద నిర్ణయం ముందు నిలబడి సలహా అడిగినప్పుడు, ఫలానావాళ్లు ఇలా చేశారని ఉదాహరణ చెప్పబోయి ఆగిపోవడం నాకు అమ్మ నుంచి వచ్చిన అలవాటు. ముందు వాళ్లను మాట్లాడనిస్తాను.

కొన్నాళ్లకు అక్క రుమైథియాలో పని మానేసి వేరే ఇంటికి మారింది. అప్పటినుంచి మాకు కనిపించలేదు. భర్త ఆమెను మళ్లీ పిలిచాడని ఊరివాళ్లు చెప్పారు. ఆమె ఏం జవాబిచ్చిందో మా దాకా రాలేదు.