పది అక్షరాలు పీకేసిన పెట్టె

మా బావను అందరూ పెట్టెల మేస్త్రీ అనేవారు. నలభై ఏళ్లు సూట్‌కేసు టెర్మినళ్లు బాగుచేశాడు. మూత తెరిస్తే కీబోర్డూ, అరచేయంత తెరా ఉండే ఆ పెట్టెలను గుమాస్తాలు ఊరూరా మోసుకెళ్లి, టెలిఫోనుకు తగిలించి ఆఫీసు కంప్యూటరుకు లెక్కలు పంపేవారు. టంకం పొగ పీల్చి పీల్చి బావకు వాసనలు తెలియకుండా పోయాయి. "ఆయన ముక్కు కళ్లజోడు నిలబెట్టుకోడానికే" అని మా అక్క ఏడిపించేది.

అలాంటి అక్కకు పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి. బావ తుక్కులోంచి ఒక టెర్మినల్ తెచ్చి, మీటల మీద తెలుగు అక్షరాలు అంటించి, బ్యాటరీ, చార్జరు మంచం కింద పెట్టాడు. ఎడమచేతి వేలితో కొడితే మాట తెర మీద పడాలి. అయితే చిప్‌లో అన్ని అక్షరాలకూ చోటు చాలలేదు. పది ఎక్కువయ్యాయి.

"ఖ, ఘ, భ, ఇవన్నీ పీకెయ్ బావా. మనింట్లో ఒత్తి పలికే మొనగాడెవడు?" అన్నాను. తెలివంతా నాదే అనుకున్నాను, వెధవని.

అక్క కొట్టిన మొదటి మాట, "బర్తగారూ, బోజనం ఏది?" ఆమె పెదవి ఒక పక్కే కదిలింది గానీ, ముగ్గురం పడీపడీ నవ్వాం.

తర్వాతి నెల మంచం మీంచి పడితే నుదుటి మీద గాటు పడింది. నాలుగు కుట్లు వేశారు. రెండు రోజులకు, మధ్యాహ్నం, తెర మీద "గాటు" అని కొట్టింది. బావ మందు రాశాడు. మళ్లీ "గాటు". ఎడమచెయ్యి ముఖం దాకా ఎత్తి ముక్కు చూపించింది. ఆయన నుదురనుకున్నాడు. మళ్లీ "గాటు".

"రాశాను కదే! చంటిపిల్లలా ఏంటీ మారాం?" అని విసుక్కుని, దుమ్ము పడకుండా కిటికీ మూసి, తలుపుకు తాళం వేసి, దూది కొనడానికి వెళ్లాడు.

మంచం కింద చార్జరు కాలుతోంది. అక్క చెప్పింది ఆ ఘాటు గురించి.

నేను వెళ్లేసరికి పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టేశారు. మంట కన్నా పొగే ఎక్కువట. అక్క అప్పటికే పోయింది. బావ మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా వెలుగుతున్న తెరను చదువుతున్నాడు.

"ఘ ఉంటే తెలిసేదిరా," అన్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మూడు "గాటు"ల కింద, ఆయన వెళ్లాక కొట్టిన మాట ఇంకొకటి ఉంది. "పొగ". అందులో ఒక్క అక్షరమూ తప్పు లేదు.